ఫోన్‌కి ఫుల్లు, కొత్త ల్యాప్‌టాప్‌కి నిల్లు: వైఫై తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ల్యాప్‌టాప్ కొత్తది. అదే గదిలో, అదే వైఫై మీద ఫోన్ బాగానే నడుస్తోంది, పాత ల్యాప్‌టాప్‌కీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కొత్తదానిలో మాత్రం రెండు గీతలు దాటడం లేదు, వీడియో కాల్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోతోంది. డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారు, నెట్‌వర్క్ రీసెట్ కొట్టారు, మార్పు లేదు. ఇప్పుడు రూటర్ మార్చాలా, ఎక్స్‌టెండర్ (సిగ్నల్‌ని ఇంకాస్త దూరం అందించే పెట్టె) కొనాలా అని అడుగుతున్నారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. వస్తువు కొత్తది కాబట్టి వాపసు ఇవ్వడానికో మార్చుకోవడానికో కొంత గడువు ఉంటుంది. సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చి చూస్తూ కూర్చుంటే ఆ గడువు కాస్తా అయిపోతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది తప్పు ల్యాప్‌టాప్ లోపల ఉందా, బయట ఉందా అన్నది. అది తేలాక మిగతా పని సులువు.

ముందు ఆ గీతల సంగతి. ఫోన్‌లో నాలుగు గీతలు, ల్యాప్‌టాప్‌లో రెండు అని పోల్చడం వల్ల ఏమీ తెలియదు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటారు. అంకె చూడాలి. విండోస్ అయితే స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్, డబ్ల్యూ-ఎల్-ఏ-ఎన్, షో, ఇంటర్‌ఫేసెస్ అనే నాలుగు మాటలను మధ్యలో స్పేస్ ఇస్తూ ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో లొకేషన్ పర్మిషన్ అడుగుతుంది, కంగారు పడకుండా ఆన్ చేయండి. వచ్చిన జాబితాలో మీకు కావాల్సినవి సిగ్నల్, రేడియో టైప్, చానల్, రిసీవ్ రేట్, ట్రాన్స్‌మిట్ రేట్. ఒక నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

విండోస్ సిగ్నల్‌ని శాతంలో చూపిస్తుంది. దాని లెక్క ఇలా ఉంటుంది: మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మెరుగు), అంతకంటే మెరుగు అయితే 100 శాతం. మైనస్ 100 అయితే సున్నా. మధ్యలో సమానంగా పంచుతుంది. అంటే 80 శాతం అంటే మైనస్ 60, 60 శాతం అంటే మైనస్ 70. డీబీఎంలో 10 తగ్గితే సిగ్నల్ పదో వంతుకు పడిపోయినట్టు. కాబట్టి 100 నుంచి 60 శాతానికి రావడమంటే సగానికి కాస్త పైన ఉన్నట్టు కాదు, సిగ్నల్ నూరో వంతుకు చేరినట్టు. మాక్‌లో అయితే ఆప్షన్ కీ పట్టుకుని పైనున్న వైఫై గుర్తు మీద నొక్కితే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందుతున్న సిగ్నల్ బలం) అని నేరుగా డీబీఎంలోనే కనిపిస్తుంది. వీడియో కాల్ సాఫీగా సాగాలంటే మైనస్ 67 దగ్గరో, అంతకంటే మెరుగ్గానో ఉండాలి. మైనస్ 80 దాకా పోతే కనెక్ట్ అయి ఉంటుంది, అంతే. పని జరగదు.

ఇంకో అనుమానం. ఫోన్‌తో పోల్చినప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపారా? వైఫై నీరసించగానే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా మొబైల్ డేటా అందుకుంటాయి. చూసేవాళ్లకి వైఫై బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది. డేటా ఆపేసి, ల్యాప్‌టాప్ పెట్టే బల్ల మీదే ఫోన్ పెట్టి ఒకసారి మళ్లీ చూడండి. దీంతోనే సగం ఫిర్యాదులు రూటర్ వైపు తిరిగిపోతాయి.

ఇక అసలు పరీక్ష. ల్యాప్‌టాప్ తీసుకుని రూటర్ ఉన్న గదిలోకి వెళ్లండి. ఒకటి రెండు మీటర్ల దూరంలో, రూటర్ కంటికి కనిపించేలా కూర్చోండి. మరీ ఆనించి పెట్టొద్దు. చార్జర్ తగిలించండి, బ్లూటూత్ ఆపండి, యూఎస్‌బీ పోర్టుల్లో ఉన్నవన్నీ తీసేయండి, వీపీఎన్ ఉంటే ఆపండి. ఇప్పుడు ఇందాకటి కమాండ్ మళ్లీ కొట్టండి. ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్ ఇక్కడ 95 శాతానికి తగ్గకుండా, చాలాసార్లు 99, 100 చూపిస్తుంది. రిసీవ్ రేట్ కూడా చూడండి. వైఫై 5 తరం రూటర్, రెండు యాంటెన్నాల కార్డు, 80 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పు ఉంటే 866.7 (సెకనుకు మెగాబిట్లు) అని కనబడాలి. వైఫై 6 అయితే 1201. ఇవి గాలిలో లింకు వేగాలు. మీ చేతికి వచ్చే డౌన్‌లోడ్ వేగం ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, మీ నెట్ ప్లాన్ అంతకంటే తక్కువైతే దాని దగ్గరే ఆగుతుంది.

రూటర్ ఎదురుగా కూర్చున్నా 70, 75 శాతం దగ్గరే తచ్చాడుతుంటే తప్పు ల్యాప్‌టాప్ లోపల ఉన్నట్టే అనుకోండి. గోడల మీద, పక్కింటి వైఫై మీద నెట్టడానికి ఇక్కడ ఆస్కారం లేదు. అప్పుడు మిగిలేవి డ్రైవర్, యాంటెన్నా.

డ్రైవర్ అప్‌డేట్ చేశానన్నారు. ఎలా చేశారన్నది ముఖ్యం. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కితే చాలాసార్లు ఉన్నదే మంచి డ్రైవర్ అని చెప్పి పంపించేస్తుంది. తన దగ్గరున్న వాటిలో మంచిది అని దానర్థం, అన్నిటికంటే కొత్తదని కాదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేరుతో వెతికి వైఫై డ్రైవర్ దింపుకోండి. అక్కడ పాతదే ఉంటే కార్డు తయారుచేసిన సంస్థ సైట్ చూడండి. కార్డు పేరు డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఉంటుంది: ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, వీటిలో ఏదో ఒకటి. మొదట్లో బాగుండి, ఏదో విండోస్ అప్‌డేట్ తర్వాత చెడితే కొత్తది వేయడం కంటే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి రోల్ బ్యాక్ చేయడం మేలు.

తప్పు డ్రైవర్‌దా యాంటెన్నాదా అని తేల్చడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. ఉబుంటు లాంటి లినక్స్ తాజా వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే ఆప్షన్‌తో బూట్ చేయండి. మీ విండోస్ జోలికి అది పోదు. అయితే బూట్ సెట్టింగులు ముట్టుకుంటే తర్వాత విండోస్ బిట్‌లాకర్ (డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు, కాబట్టి ముందే ఆ కీ రాసిపెట్టుకోండి. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎన్-ఎం-సీ-ఎల్-ఐ, డివైస్, వైఫై అని మూడు మాటలు కొడితే చుట్టుపక్కల నెట్‌వర్క్‌లు, వాటి సిగ్నల్ నూటికి ఎంతో వస్తాయి. అదే చోట అక్కడ సిగ్నల్ దండిగా ఉండి విండోస్‌లో లేకపోతే డ్రైవర్‌దే తప్పు. రెండు చోట్లా నీరసంగానే ఉంటే ఇక సాఫ్ట్‌వేర్ వైపు చూడనక్కర్లేదు.

యాంటెన్నా ఎలా చెడుతుందంటారా? చాలా ల్యాప్‌టాప్‌లలో యాంటెన్నాలు స్క్రీన్ అంచులోనో, మడత దగ్గరో ఉంటాయి. అక్కడి నుంచి రెండు సన్నటి వైర్లు, సాధారణంగా ఒకటి నలుపు, ఇంకోటి తెలుపు లేదా బూడిద రంగు, మడత బందు గుండా కిందికి దిగి వైఫై కార్డుకు తగులుకుంటాయి. ఆ తగిలే గుండీ బియ్యపు గింజంత కూడా ఉండదు. సరిగ్గా పైనుంచి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది, కాస్త వాలుగా నొక్కితే కూర్చున్నట్టే కనిపించి కూర్చోదు. ఫ్యాక్టరీలో అలా వదిలేసినా, రవాణాలో ఊడినా, మడత దగ్గర వైరు నలిగినా ల్యాప్‌టాప్ ఏ ఎర్రరూ చూపించదు. కార్డు పనిచేస్తూనే ఉంటుంది, నెట్‌వర్క్‌లు కనిపిస్తూనే ఉంటాయి, దూరం పెరిగే కొద్దీ చచ్చుబడుతుంది. రెంటిలో ఒకటి మాత్రమే ఊడితే ఇంకా మోసం. రూటర్ దగ్గర ఫర్వాలేదనిపించి, రిసీవ్ రేట్ 866 ఉండాల్సిన చోట 433 దగ్గరే ఆగిపోతుంది. కాకపోతే కొన్ని మోడళ్లలో ఒకే యాంటెన్నా కార్డు పెట్టి అమ్ముతారు. వాటికి 433 మామూలే. కాబట్టి ఆ అంకె చూసి గొడవకి దిగే ముందు మీ మోడల్ వివరాల్లో ఒకటి ఇంటూ ఒకటి అని ఉందో, రెండు ఇంటూ రెండు అని ఉందో చూసుకోండి.

మూత విప్పి వైరు మీరే నొక్కేయొచ్చు కదా అంటే, వారంటీలో ఉన్న కొత్తదాన్ని నేనైతే విప్పను. గుండీ విరిగితే అప్పుడు తప్పు మీ మీదికే వస్తుంది.

సరే, రూటర్ దగ్గర 99 శాతం వచ్చింది, మీ గదికి రాగానే 55కి పడింది అనుకుందాం. ల్యాప్‌టాప్ చాలావరకు నిర్దోషి. ఇప్పుడు చానల్ నంబర్ చూడండి, వైఫై ఏ బ్యాండ్ (తరంగాల శ్రేణి) మీద నడుస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. 1 నుంచి 13 లోపు ఉంటే, జాబితాలో బ్యాండ్ 6 అని రాకపోతే, మీరు 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉన్నారు. 36, ఆపైన ఉంటే, అప్పుడు కూడా బ్యాండ్ 6 అని రాకపోతే, 5 గిగాహెర్ట్జ్. 5 వేగంగా ఉంటుంది కానీ గోడల్ని దాటడంలో బలహీనం. 2.4 నెమ్మది, కానీ దూరం పోతుంది. 6 గిగాహెర్ట్జ్ అయితే 5 కంటే కూడా సున్నితం.

మీ పాత ల్యాప్‌టాప్ రహస్యం ఇక్కడే ఉండి ఉండొచ్చని నా అనుమానం. పాతది 2.4 మాత్రమే పట్టుకునే కార్డుతో ఉండి, అన్నేళ్లూ గీతలు నిండుగా చూపించి ఉంటుంది. కొత్తది వేగం కోసం 5 పట్టుకుంటోంది, అందుకని అదే గదిలో గీతలు తక్కువ. గీతలు తక్కువైనా వేగం పాతదానికంటే ఎక్కువే రావచ్చు. అలా వస్తుంటే అసలు సమస్యే లేదు. 5 మీద 70 శాతం ఉండి కాల్ సాఫీగా నడుస్తుంటే దాన్ని కెలక్కండి.

నడవట్లేదంటే రూటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్‌లకూ వేర్వేరు పేర్లు పెట్టండి. చాలా రూటర్లు రెంటికీ ఒకే పేరు పెట్టి, ఏది పట్టుకోవాలో ల్యాప్‌టాప్‌కే వదిలేస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లు 5 మీద కొన ఊపిరితో వేలాడుతూనే ఉంటాయి తప్ప 2.4కి దిగవు. ఇంకొన్ని రూటర్ పక్కనే ఉన్నా 2.4ని వదలవు. పేర్లు విడదీస్తే ఏ గదిలో ఏది బాగుందో మీరే చూసి ఎంచుకోవచ్చు. 2.4లో చానల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేయండి. చుట్టూ ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట 40 పెడితే లాభం కంటే రొద ఎక్కువ. రూటర్ 12, 13 చానళ్ల మీద ఉంటే దేశం సెట్టింగుని బట్టి కొన్ని ల్యాప్‌టాప్‌లకి ఆ నెట్‌వర్కే కనిపించదు. 5లో 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినబడిందని రూటర్‌కి అనిపిస్తే వెంటనే ఆ చానల్ ఖాళీ చేయాలి, అప్పుడు మీ కాల్ తెగుతుంది. అప్పుడప్పుడూ కారణం లేకుండా నెట్ పోయి మళ్లీ వస్తుంటే 36 నుంచి 48 లోపు ఒక చానల్ పెట్టి చూడండి.

రూటర్ ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. బీరువా వెనక, టీవీ వెనక, నేల మీద, పెద్ద అద్దం పక్కన ఉంటే అక్కడి నుంచి తీసి ఎత్తులో, అడ్డేమీ లేకుండా కనిపించేలా పెట్టండి. ఇనుము, కాంక్రీటు, నీళ్లు, అద్దం వెనక పూత, ఇవన్నీ సిగ్నల్‌ని మింగేవే.

మూడో రకం చాలామందిని తిప్పలు పెట్టేది. సిగ్నల్ 95 శాతం, అయినా నెట్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ విషయంలో నేను మొదట చూసేది టాస్క్ మేనేజర్. పెట్టెలోంచి తీసిన మొదటి రోజుల్లో విండోస్ అప్‌డేట్‌లు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్‌లు, డ్రైవర్లు, క్లౌడ్‌లోకి ఫొటోలు ఎక్కించే వన్‌డ్రైవ్, అన్నీ ఒకేసారి నెట్ మీద పడతాయి. ప్రాసెసెస్‌లో నెట్‌వర్క్ అనే నిలువు వరస మీద నొక్కితే ఎవరు ఎంత తాగుతున్నారో వరసగా వస్తుంది. ముఖ్యంగా వన్‌డ్రైవ్ అప్‌లోడ్‌ని నింపేస్తే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది, కాల్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఒక రాత్రి చార్జింగ్‌లో పెట్టి వదిలేసి, పొద్దున రీస్టార్ట్ చేసి చూడండి. ముందే వేసి ఇచ్చిన ట్రయల్ యాంటీవైరస్, నెట్ వేగం పెంచుతామనే యుటిలిటీలు ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ డిఫెండర్ ఎటూ ఉంది. వేగం పెంచుతామనే ఆ రెండో రకం వల్ల మేలు జరగడం నేను చూడలేదు.

తర్వాత రిసీవ్ రేట్ 54కి మించకుండా ఉందేమో చూడండి. ఉంటే రూటర్ సెక్యూరిటీలో టీకేఐపీ అనో డబ్ల్యూఈపీ అనో పాత పద్ధతి పెట్టి ఉండొచ్చు. ఆ పద్ధతుల మీద వైఫై 4, ఆ పైన వచ్చిన వేగాలను ప్రమాణమే ఒప్పుకోదు, అందుకని లింకు 54 దగ్గర ఆగిపోతుంది. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మారిస్తే మరుక్షణం వేగం మారుతుంది. భద్రత రీత్యా కూడా అదే సరి.

చార్జర్ తీయగానే చెడుతుందా? అయితే పవర్ సేవింగ్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ ఉంటే బ్యాటరీకి కూడా మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. కొత్త మోడళ్లలో ఈ రెండూ కనిపించకపోవచ్చు, అప్పుడు తయారీదారు సొంత యాప్‌లో బ్యాటరీ మోడ్ చూడండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడే కాల్ తెగుతుంటే, 2.4 వైఫై, బ్లూటూత్ ఒకే గాలిని పంచుకుంటున్నాయి. 5కి మారితే చాలావరకు తీరుతుంది. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, హబ్‌లు కూడా ఇదే కోవ. వాటి కేబుల్, పోర్టు నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. హబ్ తగిలించినప్పుడు సిగ్నల్ అంకె ఎంత, తీస్తే ఎంత, చూడండి. తేడా ఉంటే హబ్‌ని పొడుగు కేబుల్‌తో దూరంగా జరపండి, లేదా 5కి మారండి.

ఇవేవీ కావంటే వైఫైని వదిలి లైన్ వైపు చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని రూటర్ అడ్రస్ వస్తుంది, 192.168.1.1 లాంటిది. పింగ్ అని కొట్టి, ఆ అడ్రస్, చివర మైనస్ టీ అని చేర్చి వదిలేయండి, జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో వరసగా చూపిస్తుంది. ఇంకో కిటికీలో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) కూడా అలాగే. కాల్ ఆగిన క్షణంలో రెంటినీ చూడండి. రూటర్‌కే వందల మిల్లీసెకన్లు పడుతుంటే, రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అంటుంటే, గొడవ వైఫైలో ఉంది. రూటర్ నుంచి ఒకటి, రెండు, ఐదు అని బుద్ధిగా జవాబొస్తూ బయటిది మాత్రం ఎగిరి పడుతుంటే మీ నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేయాలి. అది ల్యాప్‌టాప్ మార్చినా తీరదు.

ఎక్స్‌టెండర్ గురించి అడిగారు కాబట్టి: మామూలు ఎక్స్‌టెండర్ ఒకే రేడియో మీద విని, మళ్లీ అదే రేడియో మీద చెప్పాలి, అందుకని వేగం దాదాపు సగం పోతుంది. రూటర్ దగ్గర అంతా బాగుండి, దూరంలోనే పోతోందని తేలాకే దాని సంగతి ఆలోచించండి. అప్పుడు కూడా కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (అక్కడే వైఫై ఇచ్చే ఇంకో పెట్టె) పెట్టగలిగితే అదే మెరుగు.

దగ్గర పరీక్షలో ల్యాప్‌టాప్ తప్పిందని తేలితే మాత్రం ఆలస్యం చేయకండి. సర్వీస్ సెంటర్‌లో నెట్ స్లోగా ఉందని చెబితే విండోస్ మళ్లీ వేసి పంపించేస్తారు. అలా కాకుండా, రూటర్‌కి రెండు మీటర్ల దూరంలో ఇంత శాతం, అదే చోట పాత ల్యాప్‌టాప్‌లో ఇంత, లినక్స్‌లో ఇంత అని నోట్‌ప్యాడ్‌లో దాచిన అంకెలు చూపించి, యాంటెన్నా కనెక్షన్ చూడమని జాబ్ షీట్‌లో రాయించండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మొదటి కమాండ్‌లో చివరి మాట తీసేసి దాని బదులు డబ్ల్యూలాన్ రిపోర్ట్ అని కలిపి కొడితే, గడిచిన మూడు రోజుల్లో వైఫై ఎప్పుడెప్పుడు ఎందుకు తెగిందో ఒక ఫైలుగా వస్తుంది. ఎక్కడ దాచిందో కిందే చెబుతుంది. అది కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. ఇచ్చే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. ల్యాప్‌టాప్ తిరిగి చేతికొచ్చాక అక్కడే వాళ్ల వైఫై మీద, వాళ్ల రూటర్ దగ్గర నిలబడి అదే కమాండ్ కొట్టి, 95 దాటిందని చూశాకే సంతకం పెట్టండి.